చేతులు వెనక్కి పెట్టుకుని అడిగిన మనిషి

మొన్న దసరాకు ముందు భూపాలపల్లిలో మా గేటు దగ్గర కొందరు యువకులు చందా పుస్తకంతో వచ్చి నిలబడ్డారు. పుస్తకం మొదటి పేజీలో ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. ముందు ఆ పేజీ చూపించి, తర్వాత నోరు తెరిచారు. ఇచ్చి పంపించాను. వాళ్లు పక్కింటి గేటు తీస్తుంటే, జనగామలో నాకు తెలిసిన ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన అడిగే పద్ధతే వేరు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. అప్పుడు నేను మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. వేరే పని మీద ఫోన్ చేసిన పాత మిత్రుడు మాటల మధ్యలో, "మన మాజీ పోయిండు గద, నీకు తెల్వదా?" అన్నాడు. తెలియదు. ఊళ్లో సంగతులన్నీ అందరికంటే ముందు తెలియాల్సిన వృత్తిలో ఉండి కూడా కొన్ని ఇలాగే ఆలస్యంగా తెలుస్తాయి.

జనగామలో మాజీలకు కొదవ లేదు. అయినా ఊళ్లో 'మాజీ' అంటే ఆయనొక్కడే. ఒకేసారి కౌన్సిలర్‌గా గెలిచాడు. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని ఎవరూ కౌన్సిలర్ అని పిలవలేదు. దిగిపోయాక మాత్రం చిన్నాపెద్దా మాజన్న అన్నారు. దాన్ని ఎగతాళి అనుకున్నాడో, బిరుదు అనుకున్నాడో ముఖం చూసి చెప్పలేకపోయేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపందుకున్న రోజులవి. మునిసిపాలిటీలో పాలకవర్గం గడువు తీరి, ప్రత్యేకాధికారి పాలన నడుస్తోంది. ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు కింద ఒక పాత బల్ల ఉండేది. అప్పట్లో జనగామ విలేకరిగా పొద్దున వార్తల కోసం నేను వెళ్లేసరికి ఆయన దాని మీద కూర్చుని, బోర్డు మీది టెండర్ నోటీసులను పెళ్లిపత్రిక చదివినంత శ్రద్ధగా చదువుతుండేవాడు. నాకు సంగతులు చెప్పే తీరు ఇంట్లో మనిషి ఇంటి సంగతి చెప్పినట్టే ఉండేది. మన పైపు పగిలిందనేవాడు, మన బోరు మోటారు కాలిందనేవాడు, మన ట్రాక్టరుకు టైరు లేదనేవాడు. ఒకరోజు నవ్వుతూ, పదవి పోయి చాలా రోజులైంది కదా, ఇంకా మన మన అంటారేమిటని అడిగాను.

"పదవి పోయింది తమ్మీ. పైపు పోలే గద" అన్నాడు.

బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస నాటి నుంచి దసరా దాకా మాత్రం ఆయన బల్ల మీద దొరికేవాడు కాదు. ఇల్లిల్లూ తిరిగి అడిగేవాడు. అడిగింది సఫాయి కార్మికుల వాడకు చేర్చేవాడు. ఎవరి కోసమో అందరికీ తెలుసు కానీ ఆయన నోటితో చెప్పేవాడు కాదు. గడప బయట నిలబడి, రెండు చేతులూ నడుము వెనక్కి కట్టుకుని, ఇంటివాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తూ అడిగేవాడు. అడిగేవాడు చేయి చాపడం లోకంలో మామూలు. ఈయన చేతులు దాచుకునేవాడు. దాని సంగతేమిటో తెలుసుకోవాలని చాలాకాలం నాకు కుతూహలంగా ఉండేది. అడిగితే ఒకసారి నడుము నొప్పి అన్నాడు, ఇంకోసారి అలవాటన్నాడు. చివరికి ఒకనాడు, "చెయ్యి సాపితే ఇచ్చేటోడు పెద్దోడైతడు. అటెన్క ఇచ్చింది యాదుంచుకుంటడు" అన్నాడు.

పైసలు ముట్టేవాడు కాదు. ఏ ఇంట్లో ఏది బాగుంటుందో అదే అడిగేవాడు. నూనె గానుగ ఇంట్లో నూనె, పాడి ఉన్న ఇంట్లో నెయ్యి, మంచి వంట చేసే ఇంట్లో సకినాలు. ఇచ్చాక దండం పెట్టడు, కృతజ్ఞతలు చెప్పడు. ఇంటివాళ్లు పెట్టింది తినడు, మంచినీళ్లు కూడా తాగడు. "తెచ్చి ఇయ్యుండ్రి, నేను ముందు నడుస్త" అని మోసే పని కూడా ఇచ్చినవాళ్లకే పెట్టేవాడు. దాంతో కొందరికి ఒళ్లు మండేది.

ఒక ఏడాది, బతుకమ్మ ఆఖరి రోజైన సద్దులకు ముందు, బట్టల దుకాణం సావుకారు ఇంటికి ఆయన వెంట వెళ్లాను. సావుకారు భార్య లోపల్నుంచి పాత చీరల మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన మూట విప్పనైనా లేదు.

"అక్కా, సద్దులనాడు నువ్వు కట్టేది గిండ్ల ఉన్నదా?" అని అడిగాడు.

ఆమె లేదంది.

"నువ్వు కట్టనివి మా దగ్గర గూడ ఉన్నయి. కట్టేటియి ఇయ్యి."

ఆమె మూట ముడి ఇంకా గట్టిగా బిగించింది. సిగ్గుతోనో కోపంతోనో మూట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది పొమ్మన్నట్టే అనుకున్నాను. మరుసటి రోజు మడత విప్పని చీరలు ఆమే స్వయంగా మోసుకుని వాడకు వెళ్లింది. తర్వాత ఆయన కనిపించినప్పుడల్లా, "మా ఇంటికి రాకు మాజన్నా, నా బీరువా ఖాళీ చేస్తవ్" అనేది. పండుగ దగ్గరపడినా ఆయన ఇంకా రాకపోతే మాత్రం కబురు పంపించేది.

ఊళ్లో ఆయన మీద ఉన్న నింద ఒక్కటే. అందర్నీ అడుగుతాడు, తను ఒక్క గింజ ఇవ్వడు. అది నిజమే. కొడకండ్ల వైపు భూములున్న ఇంటి మనిషి, ఇవ్వలేని స్థితి కాదు. హోటల్ దగ్గర జనం ఎదుటే ఒకాయన, "ఊరి సొమ్ముతోని పుణ్యం కొనుక్కుంటుండు" అన్నాడు. ఈయన విని, టీ తాగి, తన టీ డబ్బులు తనే ఇచ్చి వచ్చేశాడు. దారిలో నేను కదిలిస్తే జోగు సంగతి చెప్పాడు.

మా వైపు జోగు అని ఒక మొక్కు ఉంది. ఎల్లమ్మ పేరు మీదో మరో దేవుడి పేరు మీదో ఎంత కలిగినవాళ్లయినా ఐదిళ్ల ముందు నిలబడి భిక్ష అడగాలి. ఆ గింజలతోనే వండుకోవాలి. ఆయన తల్లి గాదెల నిండా వడ్లుండగా, ఈయన వేలు పట్టుకుని జోగు అడిగేదట. ఏ ఐదిళ్లు అని ఎంచుకునేది కాదట, వరసలో ఏవొస్తే అవే. "నేనిస్తే నా పేరైతది తమ్మీ. అడిగితే ఊరి పేరైతది" అన్నాడు. ఈ మాటలు నాకు పూర్తిగా నచ్చలేదు. పిసినారికి కూడా మంచి సమాధానం దొరకవచ్చు. ఏదేమైనా ఆ జోగు సంగతి ఆయన చాలామందికి చెప్పాడని తర్వాత తెలిసింది. అదే ఆయన్ని ఒకసారి పట్టుకుంది.

ఆ ఏడాది సకల జనుల సమ్మె బతుకమ్మ రోజుల్లోకి వచ్చింది. బడులు లేవు, బస్సులు లేవు. మునిసిపల్ ఉద్యోగులూ సఫాయి కార్మికులూ ఆఫీసు ఎదుట టెంటు వేసుకుని కూర్చున్నారు. పని లేదు కాబట్టి జీతమూ లేదు. బజారులో మలుపు మలుపునా చెత్త కుప్పలు. బతుకమ్మ ఆడే కుంట కట్ట పరిస్థితి ఇంకా ఘోరం. వినాయక నిమజ్జనం నాటి వెదురు బద్దలు, గడ్డి, విరిగిన చేతులూ తొండాలూ కట్ట పొడుగునా పడి ఉన్నాయి. సద్దుల బతుకమ్మ దగ్గరకొచ్చింది. ఆ రోజుల్లో బతుకమ్మ వట్టి పండుగ కాదు, ఉద్యమానికి అదే జెండా. ఆ ఏడాది ఆడకపోవడమన్నది ఎవరి ఊహకూ అందని విషయం.

అధికారి మీదా ఒత్తిడి ఉంది. చెడ్డవాడేమీ కాదు, తన కింద సగం ఆఫీసు టెంటులో ఉంటే ఒక్కడే గదిలో కూర్చునేవాడు. ఒకరోజు కార్మికులకు కబురు పెట్టాడు. మొత్తం విధుల్లో చేరనక్కర్లేదు, కట్ట ఒక్కటి శుభ్రం చేసి పొండి, వచ్చినవాళ్లకు ఆగిన జీతం పండుగలోపు ఇప్పిస్తానన్నాడు. ఆ కబురు టెంటులో చీలిక తెచ్చేటట్టుంది. ఇళ్లల్లో బియ్యం అడుగంటాయి, పిల్లలకు కొత్తబట్టల్లేవు. ఒక్కరు చీపురు పట్టినా జనగామలో సఫాయి సమ్మె ముగిసిందన్న మాట సాయంత్రానికల్లా జిల్లా అంతా పాకుతుంది. వాళ్లకు పెద్దదిక్కు ఎల్లమ్మ అనే సఫాయి కార్మికురాలు. నలభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడదు, మాట్లాడితే తిరుగుండదు. పొద్దంతా టెంటులో కూర్చుని సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, జర ఓపిక పట్టమని ఆడవాళ్లను బతిమాలేది.

వ్యాపారస్తులు ఇంకో ఉపాయం చెప్పారు. దేవరుప్పుల వైపు తండాల నుంచి ట్రాక్టర్లో కూలి మనుషులను తెప్పిస్తే పొద్దెక్కేలోపు కట్ట అద్దంలా అవుతుందన్నారు. మాజీ ఒప్పుకోలేదు. సమ్మెలో ఉన్నవాళ్ల పనిని ఆకలితో ఉన్న ఇంకొకరితో చేయించడం రెండు వైపులా పాపమన్నాడు. ఊరివాళ్లే వచ్చి ఊడుద్దామని ప్రకటించి, ఆ సాయంత్రమే ఇళ్లు తిరగడం మొదలుపెట్టాడు. సఫాయివాళ్లను అధికారి పోరు నుంచి తప్పించానని ఆయన సంతోషం.

మరునాడు టెంటు దగ్గర ఎల్లమ్మ ఆయన్ని ఆపింది. నేను అక్కడే ఉన్నాను.

"మాజన్నా, కట్ట ఊరోళ్లు ఊడుస్తరట గద?"

"ఊడుస్తరు. మీకు సారు పోరు తప్పుతది."

"ఎవలనడిగినవ్?"

"ఊరంత అడిగిన."

"మేం ఊళ్లె లేమా?"

ఎల్లమ్మ గొంతు పెంచలేదు. "మేం పని బందు పెడితే చెత్త కనబడాలె. కనబడితేనే సర్కారుకు నొప్పి. నువ్వు మంచోనివై దాన్ని ఎత్తిపోస్తే, మేం ఇన్ని దినాలు పస్తులున్నది దేనికి?" అంది. తర్వాత ఆయన ఎన్నడూ ఎదురుచూడని మాట అంది.

"ఇన్నేండ్ల సంది ఊరంత తిరిగి తెచ్చి మా వాడల పెడుతవ్. మా గడప కాడ నిలబడి ఒక్కనాడన్న ఇంత పెట్టుమన్నవా? జోగడిగేటోడు ఇండ్లు ఏరుకుంటడా అన్నా? మీ అవ్వ గట్లనే నేర్పిందా?"

టెంటులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. చేతులు వెనకే ఉన్నాయి, కానీ అడగడానికి కాదు. అలాగే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఏ ఇంటికీ పోలేదు. అలిగాడని కొందరన్నారు. ఆయనకిక మొహం లేదని హోటల్ దగ్గరివాళ్లన్నారు.

తెల్లారి మా గదికి వచ్చాడు. "నడువు తమ్మీ, వాడకు పోయొద్దాం" అన్నాడు. ఎందుకని అడగలేదు.

ఎల్లమ్మ ఇంటి ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని గునుగుపూలు కట్టలు కట్టి రంగులో ముంచుతున్నారు. పక్కన తంగేడు కుప్ప. ఆయన అరుగు దాకా పోలేదు. సావుకారు ఇంటి ముందు ఎలా నిలబడతాడో అలాగే గడప బయట నిలబడ్డాడు.

"ఎల్లమ్మా, అడుగనీకొచ్చిన."

"ఏమడుగుతవ్?"

"సద్దులనాటికి కట్ట ఇయ్యి. అది ఇప్పుడు మునిసిపాలిటీది గాదు, ఊరిది గాదు. మీ చేతుల ఉన్నది."

ఎల్లమ్మ చేతిలోని పూలకట్ట రంగునీళ్లలోనే ఉండిపోయింది. ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇవ్వకపోతే మనం మాత్రం ఎక్కడ ఆడతాం, మన పూలు ఎక్కడ వేస్తామని ఒక పెద్దామె అంది. ఇస్తే పేపర్లలో ఏమని వస్తుందోనని ఒక పడుచు నా వైపు చూసింది. అధికారి దగ్గరికే పోయి ఆగిన జీతం తెచ్చుకుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కదా అని ఇంకొకామె నేల చూస్తూ అంది. ఎల్లమ్మ పూలు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఇస్తం. ఊకనే గాదు" అంది. "బతుకమ్మలు పెట్టే జాగే ఊడ్వాలె, బజార్ల కుప్పలు ముట్టొద్దు. కూలోళ్లను పెట్టొద్దు. ఎవలింట్ల బతుకమ్మ పేరుస్తరో ఆ ఇంటోళ్లే రావాలె. ఊడ్చిన చెత్త తట్టలల్ల మోసుకపోయి ఆఫీసు గేటు ముంగట పొయ్యాలె. చెత్త కట్ట మీదినుంచి పోవాలె గని, సర్కారు కండ్ల ముంగటినుంచి పోవద్దు."

ఆయన తల ఊపాడు. అంతే. వాడ దాటాక రోడ్డు మీద ఆగి గట్టిగా నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను మొదటిసారి చూశాను. "ఇన్నేండ్ల సంది అడుగుతున్న, గింత పెద్దది ఎవ్వలియ్యలే" అన్నాడు.

అప్పటినుంచి ఆయన అడిగింది ఇంటికొక తట్ట మోత. అడగడంలో అంత ఆరితేరిన మనిషికి కూడా అది కష్టమైంది. బియ్యం ఇచ్చే చేయి చెత్త తట్ట అనగానే వెనక్కి పోయింది. పోలీసులు కేసు పెడితే ఎవరు చూస్తారని ఒకరు, నడుము నొప్పని ఇంకొకరు. బట్టల సావుకారు ట్రాక్టరిస్తానన్నాడు, డీజిల్ కూడా పోస్తానన్నాడు.

"మీ ఇంట్ల బతుకమ్మ ట్రాక్టర్ ఆడుతదా?" అన్నాడు ఈయన.

సావుకారు కసురుకుని లోపలికి పోయాడు. ఆయన భార్య తలుపు దగ్గరే నిలబడి అంతా వింది.

సద్దులనాడు పొద్దున నేను కుంట దగ్గరికి వెళ్లేసరికి ఎల్లమ్మా ఆమె తోటివాళ్లూ కట్ట అంచున వరసగా కూర్చుని ఉన్నారు. చీపుర్లు తలకిందులుగా నేలలో గుచ్చి ఉన్నాయి. అధికారి ఆశ చూపిన జీతం కోసం ఎవరూ చీపురు పట్టలేదు. జీతం సంగతి ఎత్తిన ఆమె కూడా ఆ వరసలోనే ఉంది. ఊరి తరఫున మాత్రం ఒక్క మాజీ, ఇద్దరు రిటైర్డ్ టీచర్లు. పొద్దు పైకి వస్తోంది. ఎల్లమ్మ కళ్లు దారి మీదే ఉన్నాయి. ఎవరూ రాకపోతే ఊరి మనసు అంతేనని తేలిపోతుంది, మధ్యాహ్నానికి అధికారి మళ్లీ కబురు పెడతాడు, ఈసారి తన మనుషులను తను ఆపలేకపోతుంది.

ముందు వచ్చింది సావుకారు భార్య. తలకు కొంగు చుట్టుకుని, చంకలో తట్ట, వెనక ఇద్దరు కోడళ్లు. ఆమె వచ్చిందని తెలిసి ఆ వీధి ఆడవాళ్లు, వాళ్లను చూసి పక్క వీధివాళ్లు. మగవాళ్లు చాలాసేపటికి, ఎవరూ చూడకూడదన్నట్టు వచ్చి కలిశారు. సావుకారు కూడా వచ్చి భార్యకు దూరంగా నిలబడి ఊడ్వసాగాడు. వరసలో కూర్చున్నవాళ్లకు నవ్వు ఆగలేదు.

"అన్నా, చీపురు గట్ల పడితే నడుము ఇరుగుతది. చెయ్యి సాపి ఊడ్వు" అని ఒకామె.

"జీతం లేని పని గదనే, మెల్లగనే ఊడుస్తడు" అని ఇంకొకామె.

తట్టలు నెత్తికెత్తుకుని ఆడవాళ్లు కుంట నుంచి ఆఫీసు దాకా నడిచారు. సాయంత్రం బతుకమ్మలను తెచ్చే దారే అది. గేటు ముందు కుప్ప లేచింది. వెదురు బద్దలు, గడ్డి, ఒక వినాయకుడి సగం తొండం. అధికారి బయటికి వచ్చి, ఇదేంటని అడిగాడు.

"మనదే సార్, చెత్త" అన్నాడు మాజీ.

"ఎవరు పోయమన్నారు?"

సావుకారు భార్య ఖాళీ తట్ట దించి, "ఆయన అడిగిండు, మేమిచ్చినం. ఇంక కావాల్నా?" అంది. అధికారి ఆమెను చూశాడు, వెనక ఉన్న తట్టల వరసను చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు. కేసు పెట్టలేదు. మరుసటి రోజు జిల్లా పేజీలో, కట్ట ఊరిది ఊరే ఊడ్చుకుందని, సఫాయి సమ్మె అలాగే ఉందని వార్త వచ్చింది. పక్కనే చీపుర్లు గుచ్చుకుని కూర్చున్న ఆడవాళ్ల ఫొటో వేశారు.

ఆ సాయంత్రం కట్ట మీద సద్దులు పంచుకునేటప్పుడు రొట్టె, బెల్లం కలిపిన మలీద ఎవరు ఎవరి చేతిది తిన్నారో నేను చూడలేదు. అది మగవాళ్లు నిలబడే చోటు కాదు. చూశామని చెప్పేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఒకరి మాట ఇంకొకరితో కలవదు.

సమ్మె విరమించాక కార్మికులు పనిలో చేరిన పొద్దున, మొట్టమొదట ఎత్తాల్సింది ఆఫీసు గేటు ముందు కుప్పే. వానకు తడిసి, ఎండి, మళ్లీ తడిసి అది గట్టిపడిపోయింది. వాళ్లు పారలతో వచ్చేసరికి మాజీ అప్పటికే అక్కడ ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది.

"ఎల్లమ్మా, గీ కుప్ప నేనడిగి పోయించింది. నాకో పార ఇయ్యి."

"ఇయ్య" అంది ఎల్లమ్మ.

ఆయన కదలలేదు. సరిగ్గా వినబడలేదనుకున్నట్టు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"ఆ దినం ఊరి పని. ఇయ్యాల్టి సంది మా డ్యూటీ. మా డ్యూటీ నీకెందుకిస్త?" అంటూ ఆమె పార కుప్పలోకి దింపింది. "జర పక్కకు జరుగన్నా, దుమ్ము లేస్తది."

ఆయన జరిగాడు. ట్రాక్టర్ నిండి, గేటు ముందు నేల కనిపించేదాకా రోడ్డుకు అవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు.